లెక్కలోకి రాని ఆటకు పంచాంగం

మార్చి, మొదటి ఆదివారం. క్లాంగ్‌లో అక్క ఇల్లు, ముందుగది. హాజరైనవారు: బావ, అక్క, మా తమ్ముడు, మేనకోడలు, నేను. మబ్బు లేదు, ఎండ బాగా ఉంది. ఆట మధ్యాహ్నం.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. నిజానికి ప్రతి పేజీ ఇలాగే మొదలవుతుంది. రేవులో సరుకు లెక్క రాసే గుమాస్తాగా చేరినప్పుడు ముందు తేదీ, తరువాత చోటు, ఆ తరువాత ఎవరెవరు ఉన్నారు అని రాయడం నేర్పారు. పదవీ విరమణ చేసి ఇన్నేళ్ళయినా నా చెయ్యి ఆ వరుస తప్పడానికి ఒప్పుకోదు. పాత డైరీలు తీసి ఇదే ఆట రోజు పేజీలు చూస్తే, వచ్చినవాళ్ళ పేర్లు ఆ పేజీలో పట్టక పక్క పేజీలోకి జరిగిన ఏళ్ళున్నాయి. ఈసారి ఒక్క వరుసలో సరిపోయాయి. సరిపోయాయని తెలిశాక కలం ముందుకు సాగలేదు. అందుకే మిగతాది డైరీలో కాక, నాలాగే రేవుల్లోనూ తోటల్లోనూ నెత్తి నెరిసినవారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఆట అన్నాను గాని, అది మన పిల్లలు ఆడే గుండ్రటి బంతి ఆట కాదు. ఆస్ట్రేలియావాళ్ళు తమకోసం తామే కనిపెట్టుకున్న ఫుట్‌బాల్. మైదానం కోడిగుడ్డు ఆకారం, బంతీ ఇంచుమించు అదే ఆకారం. రెండు కొసల్లోనూ నాలుగేసి నిలువు కర్రలు పాతి ఉంటాయి. నడిమి రెండు కర్రల మధ్యనుంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే ఒక్కటే. కర్రల దగ్గర నిలబడ్డ పెద్దమనిషి ఆరు వస్తే రెండు చేతుల చూపుడువేళ్ళూ ముందుకు చాపుతాడు, ఒకటి వస్తే ఒక్క వేలు చాపి ఊరుకుంటాడు. మమ్మల్ని మొదట పట్టుకున్నది ఆటకన్నా ఆ వేళ్ళే. ఎందుకంటే మా బతుకూ ఆ రోజుల్లో సైగల మీదే నడిచేది.

బావ ఈ మలాయీ దేశపు పోర్ట్ క్లాంగ్ రేవులో ఓడ గోదాము నోటి దగ్గర నిలబడి, పైన సరుకు ఎత్తే వించి నడిపేవాడికీ అడుగున సరుకు కట్టేవాళ్ళకీ మధ్య సైగలూ కేకలూ అందించే పని చేసేవారు. ఇనుము ఇనుముకు తగిలే ఆ చప్పుడులో మనిషి మాట పక్కవాడికే వినబడదు. అయినా బావ కేక వేస్తే ఓడ అవతలి అంచున టీ తాగుతున్నవాడు గ్లాసు దించేవాడు. ఉగాదినాడు తెలుగు సంఘం హాల్లో పంచాంగం చదివిందీ ఆ గొంతే. వాళ్ళ తాతగారు రబ్బరు తోటలో కూలీల ఇళ్ళ లైన్లలో చదివేవారట, ఆయన దగ్గర విని నేర్చుకున్నారు. ఏ రాశికి ఎంత ఆదాయం, ఎంత వ్యయం, ఎంత రాజపూజ్యం, ఎంత అవమానం అన్నది బావ చదువుతుంటే, అవమానం ఏడున్నవాడు కూడా పక్కవాళ్ళకేసి గర్వంగా చూసేవాడు.

ఆ ఆట పుట్టిన దక్షిణ దేశంనుంచి గోధుమలు తెచ్చే ఓడ ఒకటుండేది. దాని రెండో ఇంజనీరు బావతో సైగల్లోనే స్నేహం కట్టి, ఒకసారి వెళ్తూ వెళ్తూ ఒక కోడిగుడ్డు బంతీ, పేరు రాయని ఒక వీడియో క్యాసెట్టూ ఇచ్చి, ఆ క్యాసెట్టులో ఉన్నది తన జట్టనీ, చూడమనీ చెప్పి పోయాడు. మా కూలీల క్వార్టర్సులో టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంట్లో ముప్పైమందిమి ఇరుక్కుని కూర్చుని చూశాం. ఆకుపచ్చ చొక్కా మీద తెల్లటి అడ్డగీత ఉన్న ఆ జట్టు అవతలివాళ్ళను చితకగొట్టింది. పెద్దమనిషి రెండు వేళ్ళూ చాపినప్పుడల్లా మేమూ చాపాం. ఇంజనీరు పనిగట్టుకుని ఇచ్చాడంటే ఇది ఫైనల్ అయివుంటుందని ఎవరో అన్నారు, అందరం ఒప్పుకున్నాం. ప్రేక్షకులు గడ్డి గట్టు మీద అక్కడొకరు ఇక్కడొకరు కూర్చుని ఉన్నారు, ఒకాయన కుక్కను కూడా తెచ్చుకున్నాడు. ఆటగాళ్ళు ఇష్టం వచ్చినట్టు మారుతున్నారు. ఓడినవాళ్ళూ నవ్వుకుంటూ చేతులు కలిపారు. పెద్ద దేశం, తక్కువ జనం, మంచి మర్యాద అనుకున్నాం. మరునాడు గుమ్మంలో కొబ్బరికాయ కొట్టి, టీవీకి దండ వేసి, అమ్మ చేత బంతికి హారతి ఇప్పించి, మేక మాంసమూ పాయసమూ వండించి, మా జట్టు విజయాన్ని క్వార్టర్సంతా పంచుకున్నాం.

ఆ ఓడ మళ్ళీ వచ్చేసరికి ఆరేడు నెలలు పట్టింది. బావ నిచ్చెన దగ్గరే ఇంజనీరుకు దండ వేసి, కప్పు గెలిచినందుకు చేయి కలిపారు. సంగతి అర్థమయ్యాక ఆ మనిషి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, బావ మొహం చూసి ఠక్కున ఆపేశాడు. అది సీజను మొదలు కాకముందు ఆడే ప్రాక్టీసు మ్యాచ్ అనీ, లెక్కలోకి రాదనీ, అసలు సీజనులో జట్టు అందరికన్నా అడుగున ఉందనీ మెల్లిగా చెప్పాడు. ఆ సాయంత్రం క్వార్టర్సులో బావ అందరినీ కూర్చోబెట్టి, ఆళ్ళకి లెక్క లేకపోతే మనకేటి, మనం పాయసం తాగేసినాం, ఇంక ఇదే మన ఫైనల్ అని తీర్పు చెప్పారు.

అప్పటినుంచి అది మా ఆచారమైంది. ఏటా ప్రాక్టీసు మ్యాచ్ చూడడం, ఆట అయ్యాక ఒక్కొక్కరు తాము చూసినది ఒక్క ముక్కలో చెప్పడం, అవన్నీ విని బావ జట్టుకు ఆ ఏటి పంచాంగం చదవడం. మొదట క్యాసెట్టు ఓడలో వచ్చేది, తరువాత డిష్ టీవీ వచ్చింది, ఇప్పుడు మేనకోడలి కంప్యూటర్. జట్టు మాత్రం ఈ నలభై ఏళ్ళలో ఒక్క కప్పూ తేలేదు. రెండు వేళ్ళ సైగ రేవులో మా ముఠా మాటల్లో కలిసిపోయింది. మూట సరిగ్గా దిగితే రెండు, పక్కకు ఒరిగితే ఒకటి. మేనకోడలు పుట్టిన రోజున బావ ఆసుపత్రి మేడమీదినుంచి కింద నిలబడ్డ మాకు రెండు వేళ్ళు చూపించారు. నాకు హెడ్ క్లర్కు పదవి వచ్చి వేరే గోదాముకు బదిలీ అయిన రోజున ఒకటే చూపించారు. ఈ వేళ్ళ భాషేటో, నోరు లేదా మీకు అని అక్క విసుక్కునేది. ఆట రోజున పులిహోర కలిపి ముందుగదిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేదే తప్ప, ఒక్క ఏడూ కూర్చుని చూడలేదు.

ఈ ఏడు కూర్చుంది.

బావ గొంతులో పుండు తేలింది. దీపావళినాటికి మాట బొంగురుపోయింది, జనవరికి గుసగుస అయింది. డాక్టర్లు పరీక్షలు చేసి, స్వరపేటిక తీసేస్తే తప్ప లాభం లేదన్నారు. శుక్రవారం చేర్చుకుని, ఆదివారం ఒక్క పూటకు ఇంటికి పంపి, సాయంత్రానికల్లా తిరిగి రమ్మన్నారు. సోమవారం ఉదయం మొదటి ఆపరేషన్ ఆయనదే. తరువాత యంత్రం పెట్టుకుని మాట్లాడవచ్చని మేనకోడలు కంప్యూటర్లో వీడియోలు చూపించింది. చూశాం. 

పైకి అనని మాట ఒకటి మా అందరిలోనూ ఉంది. జట్టు ఈ పూట గెలిస్తే రేపు ఆపరేషన్‌లో బావా గెలుస్తారని ఎవరికి వారు లోపల ముడిపెట్టుకుని కూర్చున్నాం. చదువుకున్నవాణ్ణి, లెక్కలు రాసినవాణ్ణి, నేనూ పెట్టుకున్నాను. అది తప్పని తెలుసు. తెలిసినంత మాత్రాన ముడి ఊడదు.

మొదటి పావు ఆట అయ్యేసరికి అవతలివాళ్ళు అందనంత దూరం వెళ్ళిపోయారు. తమ్ముడు కుర్చీ అంచుకు జరిగి, చేతులు తొడల కింద పెట్టుకుని ఊగడం మొదలుపెట్టాడు.

“అలామక్! ఏటిరా ఆ తన్నుడు! కర్రలు ఎక్కడున్నాయో ఆడికి కనిపించట్లేదా?”

“కొత్త కుర్రాళ్ళని దింపినారు లా, చిన్నమావా,” అంది మేనకోడలు, ఇక్కడి పిల్లల అలవాటుగా మాట చివర లా తగిలించి. “టెస్టింగ్ చేస్తన్నారు. సీనియర్స్ అందరూ బెంచీ మీదే.”

“టెస్టింగు ఇయ్యాలే సెయ్యాలా? వచ్చే వారం సేసుకోకూడదా?”

“ప్రాక్టీసు మ్యాచ్ కదా, అందుకే,” అన్నాను.

“నువ్వు ఊరుకో అన్నయ్యా. నలభై ఏళ్ళనుంచి ఇది ఫైనల్ అని రాసుకుని, ఓడిపోతంటే ప్రాక్టీసు అంటావేటి?”

బావ కుర్చీలో వెనక్కి వాలి, ఎడమచేతికి ఆసుపత్రివాళ్ళు అంటించి పంపిన సూదిని కుడిచేత్తో కప్పుకుని చూస్తున్నారు. మొహంలో ఏ బాధా లేదు. ఇన్నేళ్ళూ మాతో చూసినట్టే చూస్తున్నారు. అక్క తెర వైపు చూడడం లేదు, ఆయన గొంతు వైపు చూస్తోంది. మూడో పావులో మా జట్టు కుర్రాడొకడు ఎదురుగా ఎవరూ లేకుండా, పది అడుగుల దూరంనుంచి తన్ని, బంతిని పక్క సందులోంచి పోనిచ్చాడు. తెర మీద పెద్దమనిషి ఒక్క వేలు చాపాడు. తమ్ముడు లేచి వాకిట్లోకి పోయి, చెప్పుల దగ్గర నిలబడి, తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆట ముగిసేసరికి తేడా తొంభై పాయింట్లు దాటింది. మేనకోడలు కంప్యూటర్ మూత వేసింది. 

ఆచారం ప్రకారం ఒక్కొక్కరం ఒక్క ముక్క చెప్పాలి.  మేనకోడలే మొదలుపెట్టింది. ఆ వెనక వరుసలో పొడుగాటి కుర్రాడు ఎత్తు బంతులు బాగా పట్టినాడు, అది గుడ్ సైన్ అంది. మధ్యలో పరుగు లేదన్నాను నేను. తమ్ముడు తల దించుకుని, ఇది లెక్కలోకి రాదు, లెక్కలోకి రాదు అని రెండుసార్లు అన్నాడు. ముగ్గురమూ బావ వైపు తిరిగాం.

బావ గొంతు సవరించుకున్నారు. కంకర మీద పార ఈడ్చినట్టు వినబడింది.

“ఒద్దు మావా,” అంది అక్క. “డాక్టర్ ఏటి సెప్పినాడు? ఉన్న కాస్తా దీనికి కర్సు సేసేత్తావా? ఓడిపోయినోళ్ళకి పంచాంగమేటి?”

“నాన్నా, చదివితే రికార్డ్ చేస్తాను,” అంటూ మేనకోడలు ఫోను తీసింది. బావ ఆ ఫోను వైపు ఒక్క వేలు చాపారు. దించేసింది.

తమ్ముడు వచ్చి బావ కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. అరవై దాటినవాడు, చిన్నపిల్లాడిలా ఆయన మోకాలు పట్టుకున్నాడు. “సదువు బావా. నువ్వు సదవకపోతే నాకు బావుండదు. కానీ ఈ ఒక్కసారికీ బాగా సెప్పీయి. ఇన్నేళ్ళూ ఉన్నదున్నట్టు సెప్పినావు, ఏటి లాభం? ఈసారి కప్పు మనదేనని ఒక్క మాట అనీయి. నీకు దండం పెడతాను.”

వాడు జట్టు గురించి అడగడం లేదని గదిలో అందరికీ తెలుసు. అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ వాడి నెత్తిమీద చెయ్యి వేసి కొంతసేపు అలాగే ఉంచి, నిటారుగా కూర్చుని మొదలుపెట్టారు.

“ఆకుపచ్చ జట్టు రాశికి... ఆదాయం రెండు. వ్యయం పద్నాలుగు. రాజపూజ్యం సున్నా. అవమానం ఏడు.” ఇక్కడ ఆగి ఊపిరి తీసుకున్నారు. “ఎనక వరస పొడుగోడికి గురుబలం ఉంది. మిగతా ఆళ్ళకి బుర్ర బలమే లేదు. అట్టడుగుకి ఇంకా కింద ఏదైనా మెట్టుంటే... ఆ మెట్టు మనదే.”

మేనకోడలు నవ్వబోయి ఏడ్చింది. తమ్ముడు మోకాలు వదల్లేదు. “అంతేనా బావా? ఇంకేటీ లేదా?”

“ఇంకేటుంటది? సూసిందే కదా సెప్పాల.” ఆ మాట సగం గాలిగానే వచ్చింది. దగ్గరకు వంగితే తప్ప వినబడలేదు. “ఒరే, ఇది ఆళ్ళ జాతకం. నాది కాదు. నా జాతకం రేపు కత్తి పట్టినోడిని అడగండి. రెండూ కలిపి ముడెయ్యమని... ఎవుడు సెప్పినాడురా నీకు?”

ముగ్గురమూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. అక్క లేచి, ఆయన నోటిమీద అరచెయ్యి పెట్టింది. ఇంక ఒక్క మాట కూడా వద్దనీ, మిగిలింది రేపటికి దాచుకోమనీ చెప్పింది. రేపు దేనికని ఎవరూ అడగలేదు. దాచుకున్న ఆ కాస్త గొంతుతో ఆయన తనకేదో చెబుతారని అక్క అనుకుంటోందని నాకు అనిపించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురి ముందు ఆయన అక్కతో మెత్తగా మాట్లాడింది నేను వినలేదు. ఆయన గొంతు పుట్టిందే కేకలకు.

సాయంత్రం ఆసుపత్రికి బయలుదేరాం. కారు తిరగవలసిన చోట బావ చేత్తో రేవు దారి చూపించారు. చుట్టు దారే, అయినా పోనిచ్చాను. క్వార్టర్సు ఉన్న చోట పేర్చిన కంటైనర్ పెట్టెల గోడలున్నాయి. ఒకప్పుడు ఒక్క ఓడ సరుకు దించడానికి వారం పట్టేది, ముఠాలు ముఠాలుగా మనుషులు, తెలుగూ తమిళమూ మలాయీ కలగలిసిన తిట్లు, మధ్యాహ్నం కోపీ కోసం తోపులాట. ఇప్పుడు ఎత్తున అద్దాల గదిలో ఒక్కడు కూర్చుని మీటలు నొక్కితే పెట్టెలు వాటంతట అవే దిగుతున్నట్టుంటుంది. వాడికి కింద నిలబడి కేక వేసేవాడు అక్కర్లేదు. బావ కిటికీ అద్దం దించి, పెట్టె ఒకటి నేలకు తాకేదాకా చూసి, తిన్నగా దిగిందని మెచ్చుకోలుగా తల ఊపారు. మాట మాత్రం అనలేదు. అక్క చెప్పినట్టే దాచుకున్నారు.

మరునాడు తెల్లవారేసరికి నలుగురమూ ఆసుపత్రిలో ఉన్నాం. బావను మంచం బండి మీద పడుకోబెట్టి, ఎడమచేతి సూదికి మందు గొట్టం తగిలించి, ఆ చేతిని దుప్పటికి కలిపి కట్టి, ఆపరేషన్ గది ముందు వసారాలోకి తెచ్చారు. అక్క ఆయన తల దగ్గరకు వెళ్ళి నిలబడింది. బావ అక్క వైపు తల తిప్పి, పెదవులు తెరిచారు.

సరిగ్గా అప్పుడే నర్సమ్మ కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది. మంచి పిల్ల, మర్యాదగానే అడిగింది. పేరు చెప్పండి, గుర్తింపు కార్డు నెంబరు చెప్పండి, ఈరోజు మీకు ఏ ఆపరేషనో మీ నోటితో చెప్పండి. పక్కవాళ్ళు చెబితే కుదరదట, నియమమట. బావ తన పేరు చెప్పారు. నెంబరు అంకె తరువాత అంకెగా చెప్పారు. సగంలో గాలి అయిపోతే ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పారు. గొంతు తీసేస్తారు అని మలాయీలో చెప్పారు. తరువాత అక్క వైపు తిరిగి నోరు తెరిస్తే ఊపిరి వచ్చింది గాని మాట రాలేదు. రెండోసారీ రాలేదు. నలభై ఏళ్ళు ఓడలను కదిలించిన గొంతు చివరిసారి పలికింది కార్డు నెంబరూ, ఆ మలాయీ మాటలూ.

బండి కదిలింది. బావ కుడిచెయ్యి దుప్పట్లోంచి తీసి చూపుడువేలు చాపారు. ఒక్కటే. తమ్ముడు గోడకు ఆనుకుని, ఒకటే ఇచ్చినాడు అన్నయ్యా, ఒకటే ఇచ్చినాడు అని పైకే ఏడ్చాడు. రెండో చెయ్యి కట్టేసి ఉందిరా అని నేను చెప్పబోయేలోగా అక్క బండి పక్కన నడుస్తూ తన కుడిచెయ్యి చాపింది. ఈ వేళ్ళ భాషేటని ఇన్నేళ్ళూ విసుక్కున్న మనిషి, ఆయన వేలి పక్కన అంతే ఎత్తున, అంతే తిన్నగా తన వేలు నిలిపింది. తలుపుదాకా ఆ రెండు వేళ్ళూ పక్కపక్కనే వెళ్ళాయి. అక్కడ నర్సమ్మ అక్కను ఆపింది.

తలుపు మూసుకున్నాక వసారాలో ఎవరి అడుగు వాళ్ళకే వినబడేంత నిశ్శబ్దం. రేవులో ఉన్నన్నాళ్ళూ మేము సైగలు చేసింది చుట్టూ చప్పుడు ఎక్కువై. ఇంత నిశ్శబ్దంలో కూడా ఆ వేళ్ళే దిక్కవుతాయని అప్పట్లో మాకెవరికీ తోచలేదు.